హైస్కూలు పిల్లలకు సెల్‌ఫోన్: కొనేముందు ఆలోచించాల్సిన సంగతులు

జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఖర్చులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. నోటు పుస్తకాలు, సంచి, చెప్పులు, బస్సు పాసు. ఈ వరసలో ఈమధ్య కొత్తగా చేరింది సెల్‌ఫోన్. ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివిన పిల్ల ఆరో తరగతికి పక్క ఊరి హైస్కూలుకో, మండల కేంద్రానికో వెళ్ళాలి. బస్సు తప్పిపోతే ఎలా? సాయంత్రం చీకటి పడితే ఎలా? ‘ఒక ఫోను కొనిద్దాం’ అంటుంది అమ్మ. ‘ఏ ఫోను కొందాం?’ అంటాడు నాన్న. ఆ ప్రశ్న వచ్చి ఆగేది మన దగ్గరే. ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చింది మనకే కదా!

మన హాస్టల్లో చదువుకున్న వాళ్ళలో చాలామందిమి మా ఇళ్ళల్లో మొదటి తరం చదువరులం. దరఖాస్తు నింపాలన్నా, బ్యాంకు కాగితం చదవాలన్నా, ఆధార్‌లో పేరు సరిచేయించాలన్నా మనకే కబురు వస్తుంది. నేను పీజీలో చేరినప్పటి నుంచి మా వాడలో ఎవరు ఫోను కొనబోయినా ముందు నన్ను అడగడం అలవాటైంది. అలా అడిగిన వాళ్ళకు చెప్పిన మాటలనే ఒకచోట కూర్చి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఏ కంపెనీ ఫోను మంచిదో ఇందులో చెప్పబోవడం లేదు. మోడళ్ళు నెలనెలా మారిపోతుంటాయి. మన వార్షికోత్సవ సంచిక మాత్రం పెట్టెలో బట్టల కింద ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకని మోడల్ మారినా మారని సంగతులే రాస్తాను. అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతున్నాను. పిల్లల ఫోనును దుకాణంలో కాదు, ఇంట్లో ఎంచుకోవాలి. దానితో పనేమిటి, దానికి జవాబుదారీ ఎవరు, దాని ఖరీదు మన కష్టంలో ఎన్ని రోజులు అన్న మూడు సంగతులు ఇంట్లో తేల్చుకున్నాకే దుకాణం మెట్లు ఎక్కాలి. అవి తేలకుండా వెళితే మన బదులు దుకాణదారే తేలుస్తాడు.

1. ముందు పని తేల్చుకుందాం

పదకొండేళ్ళ పిల్లకు ఫోనుతో ఏం పని? ఒక కాగితం తీసుకుని రాయండి. ‘బస్సు తప్పింది, వచ్చి తీసుకుపో’ అని చెప్పడం. ‘ఒంట్లో బాగాలేదు’ అని చెప్పడం. అమ్మానాన్నలు పొలంలో ఉంటే ‘ఇంటికి చేరాను’ అని చెప్పడం. ఈ మూడూ మాట్లాడే పనులే. వీటికి తెర అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

నాలుగో పని చదువు. పాఠాల వీడియోలు, బడి వాట్సాప్ గ్రూపు, స్కాలర్‌షిప్ దరఖాస్తు. వీటికి స్మార్ట్‌ఫోను కావాలి, నిజమే. అయితే అది పిల్ల జేబులోనే ఉండాలా, ఇంట్లో ఒకటుంటే చాలదా అన్నది వేరే ప్రశ్న. బడి గ్రూపులో వచ్చే సమాచారం అమ్మ ఫోనుకో నాన్న ఫోనుకో వస్తే సరిపోతుంది. పాఠాన్ని సాయంత్రం ఇంట్లో గంటసేపు చూస్తే సరిపోతుంది.

‘చదువు కోసమే’ అని కొన్న ఫోను చదువుకే ఉపయోగపడుతుందా? 2024లో ‘అసర్’ సర్వే మన దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లలను ఈ సంగతి అడిగింది. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన పిల్లల్లో అంతకుముందు వారం రోజుల్లో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడినవాళ్ళు 57 శాతం. సోషల్ మీడియాకు వాడినవాళ్ళు 76 శాతం. పిల్లలు చెడ్డవాళ్ళని దీని అర్థం కాదు. ఆ తెర మీద పాఠమూ ఆటా పక్కపక్కనే ఉంటాయి. ఆట తయారుచేసినవాడు దాన్ని వదిలి వెళ్ళనివ్వని విధంగా తయారుచేస్తాడు. పెద్దవాళ్ళమే తట్టుకోలేకపోతున్నాం, ఆరో తరగతి పిల్లను తట్టుకోమనడం న్యాయం కాదు.

2. కీప్యాడ్ ఫోనును చిన్నచూపు చూడవద్దు

పైన రాసిన మొదటి మూడు పనులకు బటన్ల ఫోను చాలు. వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మధ్య మంచిదే దొరుకుతుంది. ఒకసారి చార్జింగ్ పెడితే రెండు మూడు రోజులు ఆగుతుంది. చేతిలోంచి జారిపడినా తట్టుకుంటుంది. దొంగల కన్నూ దాని మీద పడదు. కొనేటప్పుడు మాత్రం ఈ కింది సంగతులు చూసుకోవాలి.

మొదటిది నెట్‌వర్క్. కీప్యాడ్ ఫోన్లలో రెండు రకాలున్నాయి, 2జీ ఫోన్లు, 4జీ ఫోన్లు. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు. అందుకని 2జీ ఫోనులో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. అది ఫోను లోపమని జనం దుకాణం చుట్టూ తిరుగుతుంటారు. ముందు ఇంటి దగ్గరా, బడి దగ్గరా, బస్సు ఆగే చోటా ఏ సిమ్‌కు సిగ్నల్ బాగా వస్తుందో చూడండి. ఆ తర్వాత దానికి తగిన ఫోను కొనండి. కొన్ని చవక ఫోన్లు ఒకే కంపెనీ సిమ్‌తో పనిచేసేలా తాళం వేసి అమ్ముతారు. 2023లో వచ్చిన 999 రూపాయల జియోభారత్ అలాంటిదే. తెలిసి కొంటే ఇబ్బంది లేదు, తెలియక కొంటేనే ఇబ్బంది.

రెండోది రీఛార్జి. ఫోను ఒకసారి కొంటాం, రీఛార్జి నెలనెలా కడతాం. డేటా వాడని ఫోనుకు డేటా ఉన్న ప్లాను వేయించడం వృథా. డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే విడిగా ప్లాన్లు పెట్టాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ టెలికాం కంపెనీలను ఆదేశించింది. 2025 జనవరి నుంచి అవి అందుబాటులోకి వచ్చాయి. రీఛార్జి దుకాణంలో ‘మాటల ప్లాను కావాలి’ అని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

మూడోది తెలుగు. మన దేశంలో అమ్మే ఫోన్లలో 22 షెడ్యూల్డ్ భాషల సందేశాలు చదవడానికి వీలుండాలని ఐఎస్ 16333 మూడో భాగం అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. కాబట్టి తెలుగు అడగడం మన హక్కు. దుకాణంలోనే ఒక తెలుగు సందేశం పంపించి, అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడండి. తెర మీది అక్షరం ఇంట్లో నాయనమ్మకు కూడా కనబడాలి.

నాలుగోది ఆపద బటన్. కీప్యాడ్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్ళాలని, స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను మూడుసార్లు నొక్కితే వెళ్ళాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. మోడల్‌ను బట్టి పద్ధతి మారుతుంది కాబట్టి ఈ ఫోనులో ఎలాగో అడిగి, పిల్లకు నేర్పండి. సరదాకు నొక్కి చూడవద్దని కూడా చెప్పండి. అవతల 112 వాళ్ళు నిజంగానే ఎత్తుతారు.

3. స్మార్ట్‌ఫోను తప్పదనుకుంటే

కొన్ని ఇళ్ళల్లో అవసరం నిజంగానే ఉంటుంది. ఇంట్లో ఒక్క స్మార్ట్‌ఫోను కూడా లేకపోవచ్చు. తండ్రి వలస వెళ్ళి ఉంటే వీడియోలో ముఖం చూసుకోవాలని పిల్లకు ఉంటుంది. అప్పుడు ‘పిల్లకు ఫోను’ అని కాకుండా ‘ఇంటికి ఫోను’ అని కొనండి. ఈ పేరు మార్పులో చాలా ఉంది. ఇంటి ఫోనును అందరూ వాడతారు, అందరూ చూస్తారు, రాత్రికి అందరూ నిద్రపోయే గదికి బయట అది చార్జింగ్‌లో ఉంటుంది.

దుకాణంలో ముందుగా కెమెరా చూపిస్తారు. మీరు చూడాల్సింది కెమెరా కాదు. ఈ ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయని అడగండి. ఫోను లోపలి సాఫ్ట్‌వేర్‌లో లొసుగులు బయటపడుతూ ఉంటాయి. కంపెనీ వాటిని పూడుస్తూ పంపేవే అప్‌డేట్లు. అవి ఆగిపోయిన ఫోను గడియ ఊడిన తలుపు లాంటిది. పైగా పాత ఫోన్లలో కొన్ని యాప్‌లు ఏకంగా పనిచేయడం మానేస్తాయి. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఉన్న ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ‘చవగ్గా వస్తోంది’ అని నాలుగైదేళ్ళ నాటి మోడల్ కొంటే ఆ చవక ఎంతో కాలం నిలవదు.

తర్వాత ర్యామ్. ‘8 జీబీ ర్యామ్’ అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద చీమ అక్షరాల్లో ‘4 + 4’ అని రాస్తారు. అంటే అసలు ర్యామ్ 4 జీబీ. మిగతా 4 జీబీ ఫోను నిల్వ స్థలంలోంచి అరువు తెచ్చుకున్నది. అరువు ర్యామ్ అసలు ర్యామంత వేగంగా పనిచేయదు. అసలు ఎంతో అడిగి, దాన్నిబట్టే ధర పోల్చండి. మామూలు అవసరాలకు అసలు ర్యామ్ 4 జీబీ, నిల్వ 64 జీబీ ఉంటే చాలు. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబర్‌లో మొదలయ్యాయి. మన ఊళ్ళో అది వస్తోందో లేదో చూడకుండా దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. పాఠం వీడియోకు 4జీ సరిపోతుంది.

డబ్బు కట్టేముందు *#06# నొక్కండి. తెర మీద 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి. పెట్టె మీద ఉన్న నంబరూ, బిల్లు మీద రాసిన నంబరూ, తెర మీది నంబరూ ఒకటే అయి ఉండాలి. బిల్లు లేకుండా తీసుకుంటే కొంచెం తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపుకు ఆశపడితే వారంటీ పోతుంది, రేపు ఫిర్యాదు చేయడానికి ఆధారమూ పోతుంది. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

4. ధరను కూలి రోజుల్లో లెక్కవేయండి

రూపాయల్లో చెబితే ధర బరువు తెలియదు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఉపాధి హామీ పథకంలో రోజు కూలి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 307 రూపాయలు. ఆ లెక్కన 1,500 రూపాయల కీప్యాడ్ ఫోను అయిదు రోజుల కూలి. 12,000 రూపాయల స్మార్ట్‌ఫోను 39 రోజుల కూలి. ఆ సంవత్సరం ఒక కుటుంబానికి హామీగా ఉన్నవి వంద రోజులు. అంటే మూడో వంతుకు మించి ఒక్క ఫోనుకే పోతుంది. ఎండలో గుంతలు తవ్విన అమ్మ 39 రోజులు ఆ ఫోనులో ఉన్నాయని తెలిసిన పిల్ల దాన్ని వాడే తీరే వేరుగా ఉంటుంది. అందుకే ఈ లెక్కను పిల్ల ఎదుటే వేయండి. పిల్లను నొప్పించడానికి కాదు, ఇంటి లెక్కలో తనకూ భాగం ఉందని చెప్పడానికి.

‘వడ్డీ లేని వాయిదాలు’ అన్న బోర్డు చూసి తొందరపడవద్దు. ఒక ఉదాహరణ చూద్దాం. నగదుకైతే 11,200కు ఇచ్చే ఫోనును వాయిదాలకైతే 12,000 అన్నారనుకోండి. దానిమీద దస్తావేజు ఖర్చు 300 అన్నారనుకోండి. వడ్డీ అన్న మాట ఎక్కడా లేదు గానీ మనం ఎక్కువ కట్టింది 1,100 రూపాయలు. ఒక నెల ఖాతాలో డబ్బు లేక వాయిదా తప్పితే జరిమానా వేరే. వానలు పడక పనులు లేని నెల కూడా వాయిదా తేదీ ఆగదు. అయిదారు నెలలు దాచుకుని నగదుకు కొనడమే మన ఇళ్ళకు క్షేమం. ఈలోగా ఫోను నిజంగా అవసరమో కాదో కూడా తేలిపోతుంది.

5. సెకండ్ హ్యాండ్ ఫోను కొనేటప్పుడు

పాత ఫోను కొనడం తప్పేమీ కాదు. దొంగ ఫోను కొంటేనే ప్రమాదం. తెలియక కొన్నా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మన ఇంటికే. దీనికి కేంద్ర టెలికాం శాఖ తేలికైన దారి పెట్టింది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కే, వై, ఎం అని రాసి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ నంబరు రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపాలి. ఆ ఫోను నిషేధ జాబితాలో ఉందనో, నంబరు నకిలీదనో, అదే నంబరు మరొకచోట వాడకంలో ఉందనో జవాబు వస్తే దాన్ని కొనకూడదు. 2023 మే నెలలో మొదలైన ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లోనూ ఇదే పరీక్ష చేసుకోవచ్చు.

అమ్మేవాడి చేతనే అతని గూగుల్ ఖాతాను ఫోనులోంచి తీసేయించి, మన ఎదుటే ఫోనును మొదటి స్థితికి తెప్పించాలి. ఖాతా తీయకుండా అమ్మితే ఆ ఫోను తర్వాత మనల్ని లోపలికి రానివ్వదు.

కొత్తదైనా పాతదైనా ఐఎంఈఐ నంబరును ఇంట్లో గోడ క్యాలెండర్ వెనకో, రేషన్ కార్డు కవరులోనో రాసి పెట్టండి. ఫోను పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు నకలుతో పాటు ఆ నంబరు ఇస్తే సంచార్ సాథీ ద్వారా దాన్ని ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆపించవచ్చు. నంబరు లేకపోతే ఆ పని కష్టం.

6. సిమ్ ఎవరి పేరున?

పద్దెనిమిదేళ్ళు నిండనివారి పేరున సిమ్ ఇవ్వకూడదు. కాబట్టి పిల్ల వాడే సిమ్ అమ్మ పేరునో నాన్న పేరునో ఉంటుంది. ఆ నంబరుతో ఏం జరిగినా మొదట అడిగేది పెద్దవాళ్ళనే. ఇది భయపడాల్సిన విషయం కాదు, గుర్తుంచుకోవాల్సిన విషయం. ఊళ్ళో తెలిసినవాళ్ళెవరో ఇచ్చిన సిమ్ మాత్రం పిల్లకు వేయవద్దు. ఒక మనిషి పేరున ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మనకు తెలియనిది కనబడితే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. బ్యాంకు ఖాతాకూ ఆధార్‌కూ కలిపిన నంబరును పిల్ల ఫోనులో వేయకండి. మన రోజుల్లో ఆ నంబరే ఇంటి బీరువా తాళంచెవి. డబ్బు తీయడానికైనా, స్కాలర్‌షిప్ దరఖాస్తుకైనా ఓటీపీ వచ్చేది దానికే. ‘మీకు బహుమతి వచ్చింది, ఆ నాలుగంకెలు చెప్పు పాపా’ అని అవతలివాడు తీయగా అడిగితే ఆరో తరగతి పిల్ల చెప్పేస్తుంది. పిల్లకు వేరే సిమ్ వేయండి. ఆ ఫోనులో ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి పెట్టకండి. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదని, పిన్ అడిగారంటే డబ్బు పోతోందనే అర్థమని పెద్దవాళ్ళకూ పిల్లలకూ కలిపి చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

హాస్టల్ పిల్లలకు ఇంకో హెచ్చరిక. వరసగా 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే సిమ్‌ను ఆపేయవచ్చు, కొంతకాలానికి ఆ నంబరు మరొకరికి వెళ్ళిపోతుంది. ట్రంకు పెట్టెలో పడేసిన సిమ్ నంబరే ఆధార్‌కో స్కాలర్‌షిప్‌కో కలిపి ఉంటే, మన ఓటీపీ ముక్కూ ముఖం తెలియని మనిషికి పోతుంది. ఆధార్‌కు కలిపే నంబరు ఎప్పుడూ వాడకంలో ఉండేదే కావాలి.

7. పదమూడేళ్ళ గీత

ఆరో తరగతి పిల్లకు పదకొండేళ్ళుంటాయి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వాడటానికి పదమూడేళ్ళు నిండాలని ఆ కంపెనీలే నియమం పెట్టుకున్నాయి. గూగుల్ ఖాతాను సొంతంగా నడుపుకోవడానికీ మన దేశంలో అదే వయసు. అయినా మన దగ్గర జరిగేది ఏమిటి? పిల్లో, పక్కింటి అన్నో పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరుస్తారు. ‘ఒక్క అంకే కదా’ అనుకుంటాం. ఆ ఒక్క అంకెతో పిల్ల ఆ కంపెనీ దృష్టిలో పెద్దమనిషి అయిపోతుంది. తెలియనివాళ్ళ సందేశాలు ఆపడం, పెద్దల వీడియోలు దాచడం వంటి పిల్లల కోసం పెట్టిన రక్షణలన్నీ పక్కకు పోతాయి. మనమే కంచె తీసేసి, మేక చేలో పడిందని ఏడ్చినట్టు ఉంటుంది.

సరైన దారి ఉంది. అసలు పుట్టిన తేదీతోనే, గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’ ద్వారా పెద్దవాళ్ళ ఖాతా కింద పిల్ల ఖాతా తెరవాలి. అప్పుడు రోజుకు ఎన్ని గంటలు, రాత్రి ఎన్నింటికి తాళం పడాలి, ఏ యాప్ పెట్టుకోవచ్చు అన్నవి పెద్దవాళ్ళ ఫోనులోంచి నిర్ణయించవచ్చు. అమ్మానాన్నలకు అది చేతకాకపోతే అక్కలం, అన్నలం మనం చేసి ఇవ్వాలి. చదువుకున్నందుకు ఇంటికి ఇంతమాత్రం పని చేయలేమా?

ఈ గీత గురించి ప్రపంచమంతా ఆలోచిస్తోంది. ఫ్రాన్స్ 2018లోనే చట్టం చేసి బడుల్లో పిల్లల ఫోన్లను ఆపింది. 2023లో యునెస్కో తన నివేదికలో, చదువుకు మేలు చేసినప్పుడే బడిలో ఫోను ఉండాలని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థులు బడికి ఫోన్లు తేవడాన్ని నిషేధించింది. 2025 డిసెంబర్ 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళు నిండనివారికి ప్రధానమైన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం ద్వారా నిషేధించారు. కాబట్టి ‘మా పిల్లకు ఇప్పుడే వద్దు’ అనే తల్లి వెనకబడిన మనిషి కాదు.

8. తమ్ముడికి ఒక న్యాయం, చెల్లికి ఒక న్యాయమా?

ఈ మాట రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మన ఇళ్ళల్లో మగపిల్లాడు అలిగితే ఫోను వస్తుంది. ఆడపిల్ల అవసరమని చెప్పినా ‘నీకెందుకు? పాడైపోతావు’ అంటారు. పైన చెప్పిన 2024 అసర్ సర్వేలోనే స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన అబ్బాయిల్లో సొంత ఫోను ఉన్నవాళ్ళు 36.2 శాతం ఉంటే, అమ్మాయిల్లో 26.9 శాతమే. బస్సులో వెళ్ళేది ఇద్దరూ. చీకటి పడితే భయం ఎక్కువ ఆడపిల్లకే. ఫోను మాత్రం అబ్బాయి చేతిలో!

ప్రమాదం ఉన్నది ఫోనులో అయితే అది ఇద్దరికీ ఉంటుంది. డబ్బు ఆటల్లో పడి పోగొట్టుకునే అబ్బాయిలు లేరా? నియమం పెడితే ఇద్దరికీ ఒకటే పెట్టాలి. కీప్యాడ్ అయితే ఇద్దరికీ కీప్యాడే. రాత్రి తొమ్మిదికి ఫోను బయట పెట్టాలంటే ఇద్దరూ పెట్టాలి.

ఆడపిల్లకు ఫోను ఇచ్చిన ఇళ్ళల్లో కూడా ఒక చిక్కుంది. ఎవడో అసభ్యంగా సందేశం పంపుతాడు, ఫోటో పెడతానని బెదిరిస్తాడు. పిల్ల ఇంట్లో చెప్పదు. ఎందుకు చెప్పదు? చెబితే ముందు ఫోను లాక్కుంటారు, తర్వాత బడి మాన్పిస్తారు. బెదిరించేవాడి బలమంతా ఈ భయంలోనే ఉంది. అందుకని ఫోను ఇచ్చే రోజునే పెద్దవాళ్ళు ఒక మాట ఇవ్వాలి: ‘ఏం జరిగినా మాకు చెప్పు. చెప్పినందుకు ఫోను తీసుకోము, చదువు మాన్పించము.’ ఈ మాట ఇవ్వలేని ఇల్లు ఇంకా ఫోను కొనడానికి సిద్ధం కాలేదని నా అభిప్రాయం. అలాంటి సందేశాలు చెరపకుండా ఉంచాలి, అవే సాక్ష్యం. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112, సైబర్ నేరాలకు 1930. ఈ మూడు నంబర్లూ ఫోనులో ఉండటంతో సరిపోదు, నోటికి రావాలి.

9. హాస్టల్లో చేరే పిల్లలకైతే

సంక్షేమ హాస్టళ్ళలోనూ గురుకులాల్లోనూ సాధారణంగా బడి పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. కొనేముందు వార్డెన్ గారిని అడగండి. దాచి తెచ్చిన ఫోను దొరికితే పోయేది ఫోనొక్కటే కాదు, పిల్ల మీద ఉన్న నమ్మకం కూడా. పోతే ఎవరు తీశారన్న గొడవ గదిలోని పిల్లలందరి మధ్య చిచ్చు పెడుతుంది.

ఫోను లేకపోతే ఇంటితో మాట ఎలా? ఇంటి నుంచి ఎప్పుడు ఫోను చేయవచ్చో వార్డెన్ గారితో ముందే మాట్లాడుకుని, ఆ రోజూ ఆ వేళా తప్పకుండా చేయండి. ఆదివారం సాయంత్రం అయిదింటికి అమ్మ ఫోను వస్తుందని తెలిస్తే పిల్ల వారమంతా ధైర్యంగా ఉంటుంది. ఏ రోజు వస్తుందో తెలియకపోతే రోజూ ఎదురుచూసి దిగులు పెట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళవి కనీసం రెండు నంబర్లు పిల్లకు కంఠతా రావాలి. ఎక్కాలు నేర్పినట్టే ఇవీ నేర్పండి. చార్జింగ్ అయిపోని ఫోను అదొక్కటే.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న చెల్లెళ్ళకు ఒక్క మాట. ఫోను లేకపోవడం చిన్నతనం కాదు. మనకు ఇక్కడ దొరికే స్టడీ అవర్‌ను చెదరగొట్టే మోత ఏదీ లేదు. బయట ఎంతోమంది తల్లిదండ్రులు అలాంటి రెండు గంటలను తమ పిల్లలకు ఇవ్వలేక తిప్పలు పడుతున్నారు.

10. దుకాణానికి వెళ్ళేముందు ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలను చించి పెట్టుకోండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, పిల్లను కూడా కూర్చోబెట్టి చదవండి.

ఒకటి: ఈ ఫోనుతో చేయాల్సిన పనులేమిటి? అందులో ఇంట్లో ఉన్న ఫోనుతో కానివి ఎన్ని?
రెండు: బడిలో గానీ హాస్టల్లో గానీ ఫోను ఉండనిస్తారా?
మూడు: ఇంటి దగ్గరా బడి దగ్గరా ఏ సిగ్నల్ వస్తుంది? ఫోను ఆ సిగ్నల్‌కు సరిపోతుందా?
నాలుగు: దీని ధర ఎన్ని రోజుల కూలి? ఏడాది రీఛార్జి ఎంత?
అయిదు: సిమ్ ఎవరి పేరున? అది బ్యాంకుకు కలిపిన నంబరు కాదు కదా?
ఆరు: స్మార్ట్‌ఫోనైతే అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయి? పిల్ల ఖాతా అసలు వయసుతోనే తెరుస్తున్నామా?
ఏడు: రాత్రిపూట ఫోను ఎక్కడ ఉంటుంది?
ఎనిమిది: ఈ నియమాలు అబ్బాయికీ అమ్మాయికీ ఒకటేనా?
తొమ్మిది: ఏదైనా జరిగితే పిల్ల భయం లేకుండా చెప్పగలిగే మనిషి ఇంట్లో ఎవరు?

తొమ్మిదింటికీ జవాబు దొరికితే ఏ ఫోను కొనాలో మీకే తెలిసిపోతుంది. చాలా ఇళ్ళల్లో ఆరో తరగతికి కీప్యాడ్ ఫోను, లేదా ఫోనే వద్దు అన్న జవాబు వస్తుంది. పది దాటి కాలేజీలో చేరేనాటికి స్మార్ట్‌ఫోను అన్న జవాబు వస్తుంది. మరోలా వస్తే దానికి మీ ఇంటి కారణాలు మీకుంటాయి. అది పక్కింటివాళ్ళను చూసి కాకుండా, మీ ఇంటి అవసరాన్ని చూసి వచ్చిన జవాబైతే చాలు.

మనల్ని చదివించడానికి మన అమ్మానాన్నలు ఎవరి సలహా లేకుండానే ఎన్నో నిర్ణయాలు తీసుకున్నారు. ఈ హాస్టల్లో చేర్పించడం కూడా అందులో ఒకటి. ఇప్పుడు వాళ్ళు మనల్ని అడుగుతున్నారు. తెలుసుకుని, ఓపిగ్గా, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెబుదాం.

హాస్టల్ చెల్లెళ్ళందరికీ, పూర్వ విద్యార్థినులకూ, మా వార్డెన్ మేడమ్ గారికీ, వంట అక్కలకూ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

— పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (అర్థశాస్త్రం)